పదిహేడు సీసాలు

అరవై ఒకటో గొర్రె ప్రాణం పోయేసరికి ఏడుంపావు అయింది. లిదియా చేతి గడియారం చూసి ఆ సమయాన్ని పుస్తకంలో రాసుకుంది. రాయడం అయిపోయాక కూడా దాని వెనకకాలు ఒకటి కాసేపు మట్టిని గీకుతూనే ఉంది. ఆ తర్వాత దానికీ ఓపిక అయిపోయింది.

సీసా మీద ఒకటి రాసి, లోపల ఇంకొకటి పోసి అమ్మేవాళ్లను పట్టుకోవడం లిదియా ఉద్యోగం. వరంగల్‌లో డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌గా ఆరేళ్లు గడిచాయి. సుద్దపొడి మాత్రలు చూసింది, చక్కెర నీళ్ల టానిక్కులు చూసింది. ఒక్క పొద్దుటిపూట అరవై ఒక్క జీవాలను మింగిన సీసాను చూడడం మాత్రం ఇదే మొదలు.

ధర్మసాగర్ ఊరి చివర చిలుకమ్మ గొర్రెల దొడ్డి అది. మూడు వరుసలుగా పడి ఉన్నాయి. వరుసలు చెదరలేదు. మందు ఏ క్రమంలో పోశారో ఆ క్రమంలోనే కూలాయి. లిదియా మోకాళ్ల మీద కూర్చుని ఒకదాని కనురెప్ప ఎత్తింది. కంటిపాప వెంట్రుకంత గీతగా ముడుచుకుపోయింది. మూతి చుట్టూ నురగ. వంగి చూస్తే, పత్తి చేలో మందు కొట్టిన మర్నాడు వచ్చే వాసన.

“ఎన్ని గంటలకు పోసిన్రు అవ్వా?”

చిలుకమ్మకు యాభై ఐదేళ్లుంటాయి. ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. ఒక గొర్రె చెవి పట్టుకుని, అందులో రక్తం పీల్చే గోమారిని గోటితో తీస్తూ కూర్చుంది. చచ్చిన గొర్రె చెవిలోది.

“మబ్బుల్నే. ఐదున్నరకు. పరిగడుపున పోస్తెనే గద కడుపుల నట్టల పురుగులు పడిపోయేది.”

“మొదటిది ఎప్పుడు పడ్డది?”

“మూడో వరుసకు పోస్తాంటే మొదటి వరుసల సొంగ కార్చుడు షురువైంది. ముంగాళ్లు మలుసుకొని, మొక్కుతాన్నట్టు కూలవడ్డయి. పావుగంట గూడ కాలే బిడ్డా.”

“యాకయ్య ఏం చేసిండు అప్పుడు?”

“సీసా ఇసిరి కొట్టిండు. ‘ఇది నట్టల మందు కాదే అవ్వా’ అని ఒర్లిండు. సంచిల ఉన్న సూదులన్ని తీసి పొడిచిండు. ఒక్కటి లేవలే.”

యాకయ్య ఈ చుట్టుపక్కల పశువులకు సూదులు వేసి, మందులు పోసే గోపాలమిత్ర. ఇప్పుడతను పోలీసు జీపు వెనక సీట్లో ఉన్నాడు. కింది పెదవి చిట్లి, గడ్డం మీద రక్తం ఎండిపోయింది. అది గొర్రెలు చేసిన గాయం కాదని చూడగానే తెలుస్తోంది.

“మేడం, మీకెందుకు శ్రమ? కేసు అయిపోయింది.”

వెనక నుంచి వచ్చిన గొంతు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భానుచందర్‌ది. పొద్దున్నే నున్నగా గీసిన గడ్డం, మడత నలగని చొక్కా. చేతిలో పురుగుల మందు డబ్బా ఊగుతోంది.

“ఎప్పుడైంది?” అంది లిదియా లేవకుండానే.

“ఏడింటికి. మీరు రాకముందే. ఈ డబ్బా పక్క చేన్ల దొరికింది. నీళ్ల తొట్ల కలిపిండు. పోయిన ఎండకాలం ఆవుకు సూది వికటించిందని ఈ ముసలామె వాని మీద కలెక్టర్ ఆఫీసుల అర్జీ పెట్టింది. ఆ కోపం మనసుల పెట్టుకున్నడు. ఇంకేం కావాలె?”

“ఒప్పుకున్నడా?”

“ఒప్పుకుంటడు.”

లిదియా లేచి దొడ్డంతా చుట్టి వచ్చింది. పాక వెనక, గుంజ పక్కన, ఒక పెద్ద పొట్టేలు నిలబడి తాపీగా నెమరు వేస్తోంది. కొమ్ములకు పసుపు, మెడలో మువ్వ. అరవై ఒక్క శవాల మధ్య దానికి ఏ బెంగా లేదు.

“ఇదేంది అవ్వా?”

“బీరప్ప పేరు మీద ఇడిసిన పొట్టేలు.”

“ఈ తొట్ల నీళ్లు తాగదా?”

“అయ్యో, అన్నిటికన్న ముందు మూతి పెట్టేదే అది. పొద్దున గూడ తాగింది. అది తాగి పక్కకు జరిగినంకనే మిగతయి తాగాలె.”

“మరి మందు?”

చిలుకమ్మ, వినకూడని మాట విన్నట్టు తలెత్తింది. “దేవుని జీవానికి సీసా మందు పోస్తరా బిడ్డా? దాని రోగం ఆయనే జూస్కుంటడు. మా ఇండ్లల్ల ఎవ్వరు పొయ్యరు.”

లిదియా భానుచందర్ వైపు తిరిగింది. “విన్నరు గద సీఐ గారూ. నీళ్లల్ల విషం ఉంటే అన్నిటికన్న ముందు చావాల్సింది ఇదే. మందు తాగనిది ఇదొక్కటే, బతికింది ఇదొక్కటే.”

“అయితే రిపోర్ట్‌ల ఏం రాయమంటరు? దేవుడు కాపాడిండు అనా?”

జీపు పక్కనున్న కానిస్టేబుళ్లు నవ్వారు. లిదియా వంగి, గడ్డిలో పడి ఉన్న గాజు ముక్కలు ఏరింది. తొమ్మిది సూదిమందు సీసాల మెడలు. అట్రోపిన్. పురుగుల మందుకు విరుగుడు.

“విషం కలిపినోడు తొమ్మిది విరుగుడు సూదులు వేస్తడా?”

“విరుగుడు దగ్గర పెట్టుకున్నడంటే విషం సంగతి ముందే తెలిసినట్టు గద మేడం.”

చురుకైన జవాబే. పత్తి చేల పక్కన పశువులు తిరిగే చోట ప్రతి గోపాలమిత్ర సంచిలోనూ ఆ సూదులుంటాయని భానుచందర్‌కు తెలియక కాదు. తెలిసే అన్నాడు. అందుకే లిదియా అతనితో మాట్లాడడం మానేసి నేరుగా జీపు దగ్గరికి నడిచింది.

“యాకన్నా, మందు ఎక్కడ కొన్నవ్?”

“పరకాల, కిషన్ రావు దుకాణంల మేడం. నిన్న పొద్దున. మూడు సీసాలు. రెండు ఇంకా మూత తియ్యక సంచిలనే ఉన్నయి.” చిట్లిన పెదవితో ఒక్కో మాటా నొప్పిగా వచ్చింది. “సర్కారోళ్లు చూసిన సరుకు అన్నడు. ఇంకా పదిహేడే ఉన్నయి, మళ్ల దొరకవు అన్నడు.”

“ఒక్క సీసా ఎన్ని జీవాలకు?”

“లీటరు సీసా. నూరు గొర్లకు వస్తది.”

పదిహేడు సీసాలు. పదిహేడు వందల గొర్రెలు. ఈపాటికి ఎవరి దొడ్డికి చేరాయో, ఎవరు ఎప్పుడు మూత తిప్పుతారో తెలియదు.

“పదకొండింటికి ప్రెస్‌మీట్ పెడుతాన,” అన్నాడు భానుచందర్, డబ్బాను జీపులోకి విసురుతూ. “నీళ్లల్ల విషం, నిందితుడు దొరికిండు, మందుతోని ఏ భయం లేదు. గంతే.”

“మందుతోని భయం లేదని మీరు చెప్తే, ఆ పదిహేడు సీసాలు పోస్తరు.”

“చెప్పకపోతే మూడు మండలాల గొర్లోల్లు శవాలు తీస్కొచ్చి రోడ్డు మీద కూసుంటరు. మీరు మందుల ఇన్‌స్పెక్టర్, నేను మనుషుల ఇన్‌స్పెక్టర్. ఎవల గోస వాల్లది.” అతను గడియారం చూసుకున్నాడు. “పదకొండు దాక ఆగుత. ఆ సీసాలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టుండ్రి, నేనే మీకు దండం పెడుత.”

వెళ్లేముందు లిదియా యాకయ్య విసిరేసిన సీసాను గడ్డిలోంచి తీసింది. మీద పచ్చటి లేబుల్. ‘మందరక్ష’, గొర్రెల నట్టల మందు. కింద బ్యాచ్ నంబర్. ఆ నంబరు చదవగానే ఆమె వేలు దాని మీదే ఆగిపోయింది.

“ఏమైంది?” అన్నాడు భానుచందర్.

“ఏం లేదు,” అని సీసాను సంచిలో పెట్టుకుంది.

ఉంది. తన ఆఫీసు జీపు పరకాల దారి పట్టగానే పాత ఫైలు తీసి, ఆ నంబరును నాలుగుసార్లు సరిచూసుకుంది. ఇరవై మూడు రోజుల కింద తన చేత్తో, తన అక్షరాలతో రాసిన నంబరే.

*

పరకాల చేరేసరికి పది దాటి పది నిమిషాలు. పొద్దున తినడానికి వీలుపడక టిఫిన్ డబ్బా అలాగే సంచిలో ఉంది. లోపల సర్వపిండి. పెళ్లై నాలుగు నెలలు. ప్రవీణ్‌కు వచ్చిన వంట అదొక్కటే. గిన్నెకు అద్దిన పిండిలో వేలితో పొడవాల్సిన కంతల్ని అతను ఇవాళ పువ్వు ఆకారంలో పొడిచాడు. పొద్దున ఆరింటికి మూత తీసి చూసినప్పుడు లిదియా వంటింట్లో పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇంకెవరిదో అన్నట్టుంది ఇప్పుడు.

కిషన్ రావుది పశువుల మందుల దుకాణం. యాభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, నుదుట బొట్టు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

“రాండ్రి మేడం, రాండ్రి. చాయ్ చెప్పాల్నా?”

లిదియా చూపు గల్లాపెట్టె పక్కన ఆగింది. లక్ష్మీదేవి పటం కింద ఒక సీసా. మూతకు గుడ్డ చుట్టి, దారం కట్టి, ఎర్ర లక్కతో సీలు వేసి ఉంది. దారానికి ఒక చీటీ. చీటీ మీద కుంకుమ బొట్టు. బొట్టు కింద ఆఫీసు ముద్ర, లిదియా సంతకం.

“ఇది ఇక్కడెందుకు పెట్టినవ్?”

“మీరిచ్చిందే గద మేడం. భద్రంగ పెట్టుకొమ్మన్నరు.”

ఇచ్చిన మాట నిజమే. అనుమానం వచ్చిన మందును శాంపిల్ తీస్తే నాలుగు భాగాలు చెయ్యాలి. ఒకటి ప్రయోగశాలకు, ఒకటి కోర్టుకు, ఒకటి తయారు చేసినవాడికి, ఒకటి అమ్మినవాడికి. రేపు ప్రయోగశాల మాట తప్పని అతను వాదించాలనుకుంటే, అతని చేతిలోనూ సీలు వేసిన సీసా ఒకటి ఉండాలన్నది చట్టం. ఇరవై మూడు రోజుల కింద ఇదే దుకాణంలో, ఇదే సరుకులో ఇరవై నాలుగు సీసాలుంటే, లిదియా నాలుగింటికి సీలు వేసి మూడు పట్టుకెళ్లింది. ఒకటి ఇచ్చి వెళ్లింది. పశువుల మందు లేబుల్ మీద ఉండాల్సిన పశువు తలకాయ గుర్తు లేకపోవడమే ఆనాటి అనుమానం. మిగిలిన ఇరవై అమ్మొద్దని ఆర్డరు రాసింది. చట్టం ఆమెకిచ్చిన గడువు ఇరవై రోజులే.

“అమ్మొద్దన్న గద?”

“ఇరవై రోజులు అన్నరు. ఆపిన. ఒక్క చుక్క అమ్మలే. మీ రిపోర్ట్ వచ్చిందా? రాలే. ఇరవై ఒకటో నాడు పెట్టె విప్పిన. తప్పు ఎవలది మేడం, జర చెప్పుండ్రి.”

లిదియా సంచిలోంచి యాకయ్య సీసా తీసి, సీలు వేసిన సీసా పక్కన పెట్టింది. రెండింటి మీదా ఒకే బ్యాచ్ నంబర్. లేబుళ్లు మాత్రం వేరు.

“నేను సీలేసిన సీసా మీద తలకాయ గుర్తు లేదు. యాకయ్య కొన్నదాని మీద ఉన్నది. తయారైన తారీఖు చదువు.”

కిషన్ రావు కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. చదివి కళ్లద్దాలు తీసేశాడు.

“నేనే చదువుత. తొమ్మిది రోజుల కింద తయారైందట. ఇరవై మూడు రోజుల కింద ఇదే సరుకుకు నేను సీలేసిన. పుట్టని దానికి సీలెట్లేసిన కిషన్ రావూ?”

“లేబుల్ మార్చిన మేడం.” గొంతు తగ్గింది. “తలకాయ గుర్తు లేదన్నరు, ‘పశువులకు మాత్రమే’ అన్న మాట లేదన్నరు. సరుకు తెచ్చే మనిషికి చెప్తె కొత్త లేబుల్ చుట్ట పంపిండు. అంటించిన. మీరు చెప్పిన తప్పులే దిద్దుకున్న.”

దొంగ లేబుల్‌ను అసలు లేబుల్‌లా దిద్దిపెట్టింది తానేనన్నమాట. లిదియాకు నవ్వొచ్చింది. పొద్దుటి నవ్వు కాదది.

“ఎవరా మనిషి?”

“హైదరాబాద్ దిక్కు నుంచి వస్తడు. నెలకోసారి. పేరు సంపత్ అంటడు. నిజం పేరో కాదో.”

“పదిహేడు సీసాలు ఎక్కడున్నయి?”

“పోయినయి.”

“ఎవరికి?”

“యాదికి లేదు. బిల్లు రాయలే.”

“అరవై ఒక్క గొర్లు చచ్చిపోయినయి.”

“నీళ్లల్ల విషం అంటాండ్రు గద! పోలీసాయన చెప్పిండట, నాకు ఫోన్లొచ్చినయి.” కిషన్ రావుకు మళ్లీ ధైర్యం వచ్చింది. “లేబుల్ తప్పు ఒప్పుకుంట. ఫైన్ ఎయ్యుండ్రి, కడుత. మందు మీద మాత్రం మాట పడనియ్య. పేర్లు చెప్తె మీరు పోయి వాల్లను బెదిరిస్తరు, రేపటి నుంచి నా దుకాణం మెట్టు ఎక్కేటోడుండడు.”

“మందు మంచిదేనంటవ్?”

“మంచిదే.”

“నీకెట్ల తెల్సు?”

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. లక్ష్మీదేవి పటం కింది సీసాను చటుక్కున అందుకున్నాడు. లిదియా చూస్తుండగానే దారం తెంపి, లక్క పెళ్లలు రాలగొట్టి, మూత తిప్పాడు. “మీరు సీలేసిందే గద ఇది? నేనేం కలపలేదు గద? రాండ్రి, చూద్దురు.”

దుకాణం వెనక పెరట్లో గోధుమరంగు మేకపోతు కట్టేసి ఉంది. కిషన్ రావు దాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని, దవడ పట్టి, సీసా మూతితో ఒక గుక్క పోశాడు. అలవాటైన చెయ్యి. మేకపోతు తల విదిలించి, నాలుక చప్పరించింది.

అతను మూత తిప్పేటప్పుడే లిదియా చెయ్యి ముందుకు వెళ్లింది. వెళ్లి, తిరిగి వచ్చి, పక్కన వాలింది. సీసాలో ఉన్నది మంచి మందని నమ్మినంతసేపు ఈ మనిషి నోరు విప్పడు. నమ్మకం పోవాలంటే కళ్లారా చూడాలి. ఆమె గడియారం చూసింది. పది యాభై ఒకటి.

కుర్చీ లాక్కుని పెరటి గుమ్మంలో కూర్చుంది. టిఫిన్ డబ్బా తీసింది. సర్వపిండి ముక్క ఇంకా కరకరలాడుతోంది. పల్లీ, నువ్వు, కాస్త ఎక్కువైన కారం.

“తింటాన్రా మేడం?” అన్నాడు కిషన్ రావు, వింతగా.

“ఆకలైతాంది. టైం ఉన్నది గద.”

సంచిలో ఫోను ఒకసారి గుర్రుమంది. ఇంకోసారి గుర్రుమంది. లిదియా తియ్యలేదు. మేకపోతు మీద నుంచి చూపు తిప్పితే కిషన్ రావుకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది.

ఐదు నిమిషాలు. మేకపోతు ఆమె దగ్గరికి వచ్చి డబ్బాలోకి మూతి పెట్టింది. లిదియా ఒక ముక్క విరిచి ఇచ్చింది. ఇష్టంగా నమిలి, ఇంకో ముక్క కోసం ఆమె మోచేతిని పొడిచింది.

“చూసిన్రా? ఎట్లున్నదో చూసిన్రా?” కిషన్ రావు ముఖం విప్పారింది. “గుర్రమోలె ఉన్నది. ఇగ లెవ్వుండ్రి.”

“కూసో.”

తొమ్మిది నిమిషాలు. మేకపోతు నమలడం మానేసింది. మూతి చివర చుక్క నిలిచింది. చుక్క తీగలా సాగింది. పది. మెడ కింద చర్మం ఈగ వాలినట్టు వణికింది, ఈగ మాత్రం లేదు. పదకొండు. నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడ్డానికి చూసింది. పన్నెండో నిమిషంలో ముంగాళ్లు మడిచి మూతి మట్టిలో గుచ్చింది.

ఇంట్లోంచి కిషన్ రావు భార్య శోభారాణి బియ్యం కడిగిన నీళ్ల గిన్నెతో వచ్చింది. గిన్నె జారిపోయింది.

“ఏం పోసినవయ్యా దానికి? ఏం పోసినవ్?” అతని వీపు మీద రెండు చేతులా గుద్దింది. “పాలసీసా పట్టి పెంచిన గదయ్యా!”

కిషన్ రావు దుకాణంలోకి పరిగెత్తి, అరలన్నీ తోడాడు. అట్రోపిన్ పెట్టె ఉండాల్సిన చోట ఖాళీ. వెనక్కి తిరిగేసరికి ఆ పెట్టె లిదియా ఒళ్లో ఉంది. ఎప్పుడు తీసిందో అతను చూడలేదు.

“ఇయ్యుండ్రి మేడం!”

“పదిహేడు సీసాలు.”

“ముందుగాల సూది ఇయ్యుండ్రి, సచ్చిపోతాంది!”

“పేరు చెప్పు.”

శోభారాణి నురగను కొంగుతో తుడుస్తూ లిదియా వంక చూసింది. “నువ్వొక ఆడదానివేనా?” అంది మెల్లగా.

లిదియా పెట్టె మూత మీద వేలు పెట్టి, తియ్యకుండా కూర్చుంది.

“మరిపెడ!” అరిచాడు కిషన్ రావు. “గొర్రెల కాపరుల సంఘం. అధ్యక్షుడు కట్టయ్య. నిన్న మధ్యాహ్నం ఆటోల మొత్తం పదిహేడూ పట్కపోయిండు.”

“అంత దూరం నుంచి వచ్చి ఈ మందే ఎందుకు కొన్నడు?”

“మీ చీటీ!” అతను ఏడుస్తున్నాడు. “మీ సంతకం చీటీ జిరాక్స్ తీసి ఆ పదిహేడింటికీ అంటించిన. సర్కారు సీలు పడ్డ మందు, ఇన్‌స్పెక్టరమ్మ పరీక్ష చేసి సంతకం పెట్టింది అన్న. ఇయ్యుండ్రి మేడం, మీ కాల్మొక్త.”

లిదియా పెట్టె అతని చేతిలో పెట్టింది.  మొదటి సూది కింద పడి పగిలింది. రెండోది గుచ్చేసరికి మేకపోతు కళ్లు ఎటూ చూడడం లేదు.

లిదియా ఫోన్ తీసింది. వచ్చిన రెండూ ఒకే వీడియో, రెండు గ్రూపుల్లోంచి. పది యాభై ఐదుకు పడింది. భానుచందర్, వెనక తలవంచుకున్న యాకయ్య. ‘నీళ్ల తొట్టిలో విషం కలిపారు. నట్టల మందు వల్ల ఎలాంటి ప్రమాదమూ లేదు. రైతులు, గొర్రెల కాపరులు భయపడొద్దు. సీలు ఉన్న మందు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.’

మొదటి రింగుకే ఎత్తాడు భానుచందర్.

“పదకొండన్నరు గద!”

“ఎస్పీ సార్ ముందే పెట్టమన్నడు. ఏమైంది, సీసాలు దొరికినయా?”

“మీరు భయం లేదన్న మందు తాగి ఒక మేక ఇప్పుడే చచ్చింది. సీలున్న సీసా. నేనేసిన సీలు. ఆ మాట వాపస్ తీస్కోండ్రి, ఇప్పుడే, అదే గ్రూపుల.”

 “మీరు సీలేసిన సీసానా?” అన్నాడతను. గొంతులో కొత్త ఆసక్తి. “ఎప్పుడేసిన్రు మేడం?”

లిదియా ఫోను పెట్టేసింది. మరిపెడ పోలీసులకు చెప్పి, వాళ్లు బండి తీసి, సంఘం దొడ్డి ఎక్కడో వెతికేసరికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు. కిషన్ రావు ఫోన్‌లోంచి కట్టయ్య నంబర్ తీసి, తన ఫోన్‌లోంచే కలిపింది. పదకొండు తొమ్మిది.

“ఎవలు?” గాలి హోరు, గొర్రెల అరుపులు.

“కట్టయ్యా, నేను డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ లిదియా. ఆ నట్టల మందు పొయ్యొద్దు. విషం అది. పోస్తె ఆపుండ్రి.”

“ఓహో. వచ్చిందా ఫోను?” కట్టయ్య నవ్వాడు. “కిషన్ రావు నిన్ననే చెప్పిండు. పక్క కంపెనోళ్లు ఫోన్లు కొడుతరు, బెదరగొడుతరు అని. పొద్దటి నుంచి ధర్మసాగర్ ముచ్చట విని మేం గూడ బుగులువడి ఆపినం. జీవాలన్ని పరిగడుపున దొడ్లనే ఉన్నయి. ఇప్పుడు పోలీసాయననే చెప్పె, షురూ చేసినం. పెట్టెయ్యి.”

“కట్టయ్యా—”

పెట్టేశాడు. లిదియా వీడియో కాల్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారికి తెర మీద ఎండకు చిట్లించిన ముఖం ఒకటి వచ్చింది. అరవై దాటిన మనిషి, తలకు తువ్వాల. లిదియా గుర్తింపు కార్డును కెమెరాకు ఆనించింది. 

“చూడు. నా పేరు చూడు. ఫొటో చూడు.”

కట్టయ్య కళ్లు దగ్గరగా వచ్చాయి. చదువు వచ్చిన మనిషే. పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం చదివాడు. ముఖంలోని నవ్వు పోయి మర్యాద వచ్చింది.

“మేడం, మీరేనా? తప్పైంది మేడం, గుర్తువట్టలే.” పక్కనున్న సీసా ఒకటి ఎత్తి కెమెరా ముందు పెట్టాడు. జిరాక్స్ చీటీ, దాని మీద వంకర తిరిగిన సంతకం. “గిది మీ సంతకమే గద మేడం? మీదేనా, కాదా? గదొక్కటి చెప్పుండ్రి.”

“నాదే. కానీ—”

“ఓ మొగిలమ్మా!” కట్టయ్య అప్పటికే వెనక్కి తిరిగి కేకేశాడు. “ఇన్‌స్పెక్టరమ్మనే లైన్ల ఉన్నది! సంతకం ఆమెదేనట! ఇగ ఫికర్ లేదు, పొయ్యుండ్రి!”

“కట్టయ్యా, ఆపు! విను, ఆపు!”

ఎనిమిది మంది ఒక్కసారి మాట్లాడుతున్న చోట ఆమె గొంతు ఒక ఈగ చప్పుడంత కూడా లేదు. ఫోను చేతులు మారింది. ఆకాశం, తువ్వాల, మట్టి, ఆపైన ఒక ముసలి ముఖం. మొగిలమ్మ. ఒక చేతిలో సీసా, చంకలో ఒక గొర్రె తల. ఆమె లిదియాను చూసి, సీసా ఉన్న చేతినే ఎత్తి దండం పెట్టింది.

“నువ్వేనా బిడ్డా సంతకం పెట్టింది? మా అసొంటోల్లకు ఎవలు జూస్తరు బిడ్డా, ఏది మంచిదో ఏది చెడ్డదో. సల్లగుండు. నీ కడుపు సల్లగుండ.”

ఆమె భుజం వెనక, కంచె వరకూ తెల్లగా పరుచుకున్న మంద. ముందు వరుసలో ఒక గొర్రె మెడ చాపి నిలబడింది. దాని మూతి నుంచి తీగలా ఏదో సాగి ఎండలో మెరిసింది. దాని పక్కది ముంగాళ్లు మడిచింది. ఆ పక్కది కూడా. మొగిలమ్మ ఇంకా ఫోన్ వైపే చూస్తూ దీవిస్తోంది.